బానెట్ పట్టుకునే మనిషి

అన్నదమ్ములు వేరుపడటం బెంగళూరు కబ్బన్‌పేటకు కొత్తేమీ కాదు. నేతగాళ్ళ ఆ సందుల్లో ఏ ఇంట్లో చూసినా నడిమధ్య ఒక కొత్త గోడ, గోడకు అటొక పొయ్యి, ఇటొక పొయ్యి. అయినా సరే, వెంకటగిరియప్ప, అశ్వత్థప్ప పంచుకున్నంత వింతగా మాత్రం ఎవరూ పంచుకోలేదు. మగ్గాలు చెరిసగం, మంచిదే. ఇత్తడి బిందెలు చెరిసగం, అదీ మంచిదే. తండ్రి గోపాలప్ప వక్కాకు పెట్టెలో మూత ఒకరికి, అడుగు ఒకరికి పోయాయి, పోనీలే అనుకుందాం. ఆఖరున తండ్రి కారు దగ్గరికి వచ్చేసరికి పంచాయితీకి కూర్చున్న కులపెద్దలు గడ్డాలు గోక్కున్నారు. కారును కోసి పంచలేరు కదా! చాలాసేపు ఆలోచించి, కారు అన్నకు, కారు నిలిపే షెడ్డు తమ్ముడికి అని తీర్పు చెప్పి, ఓళిగల మీద నెయ్యి పోయించుకుని తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. వాళ్ళదేం పోయింది!

ఆ కారు పచ్చరంగు మారిస్ మైనర్. కంటోన్మెంట్‌లో ఉండిన ఒక దొర సీమకు వెళ్ళిపోతూ అమ్మితే గోపాలప్ప కొన్నాడు. ఆయుధపూజ నాడు దానికి బూడిద గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇద్దరు కొడుకులనూ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని లాల్‌బాగ్ చుట్టి వచ్చేవాడు. పెద్దవాడికి బండి తోలటం నేర్పాడు. చిన్నవాడికి నేర్పేలోపే కన్నుమూశాడు. ఆ తరువాత తమ్ముణ్ణి చదివించిందీ, మగ్గం మీద కూర్చోబెట్టిందీ, పెళ్ళి చేసిందీ వెంకటగిరియప్పే. ఆ సంగతి ఆయన మరిచిపోడు, ఎదుటివాణ్ణి మరిచిపోనివ్వడు. ఆయన మంచితనంలో ఉన్న తంటా అదే.

ఇంతకీ గొడవ దేనికంటే, ఒక పవర్‌లూమ్‌కు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అశ్వత్థప్ప అన్నకు చెప్పకుండా ఒక పవర్‌లూమ్ తెచ్చి వెనకింట్లో బిగించాడు. అది దడదడమంటూ మొదలయ్యేసరికి వెంకటగిరియప్ప ముందింట్లోంచి లేచి వచ్చి, మనుషుల్ని పిలిచి, దాన్ని ఊడబెరికించి సందులోకి విసిరేయించాడు. "నా అన్నం తిని పెరిగినోడివి, నా నెత్తిన మిషన్ పెడతావా?" అని ఊరంతా వినేటట్టు అరిచాడు. నలుగురూ చూస్తుండగా అశ్వత్థప్ప ఆ ఇనుప ముక్కల పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. మరుసటి వారమే భాగాలు అడిగాడు. గోడ లేచింది. మాటలు ఆగిపోయాయి.

ఇక కారు సంగతి. దాని రేడియేటర్‌కు ఎన్నిసార్లు టంకం వేయించినా ఎక్కడో ఒకచోట కారేది. తెల్లారి బండి తీయాలంటే ముందు బానెట్ ఎత్తి నీళ్ళు పోయాల్సిందే. ఎత్తిన బానెట్ కింద పడకుండా ఆనించేందుకు ఒక కడ్డీ ఉండేది. వేరుపడిన కొత్తలోనే ఆ కడ్డీ కనబడకుండా పోయింది. వెంకటగిరియప్ప సీట్ల కింద వెతికాడు, డిక్కీలో వెతికాడు, చివరికి దొంగల్ని తిట్టి ఊరుకున్నాడు. మగ్గం కర్ర ఒకటి తెచ్చి ఆనించి చూశాడు. కర్ర జారి, ఆ బరువు మూత ఆయన మోచేతి మీద పడింది. "అబ్బా!" అని అరిచిన అరుపుకు గోడ అవతలి నుంచి అశ్వత్థప్ప పరుగెత్తుకుని వచ్చాడు. ఏమీ అడగలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులతో బానెట్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. అన్న నీళ్ళు పోశాడు. తమ్ముడు పొడగరి, పైనుంచి రేడియేటర్ లోపలికి చూడగలడు. నీళ్ళు అంచుకు రాగానే "చాలు" అన్నాడు. అన్న డబ్బా దించాడు. తమ్ముడు మూత దించి వెళ్ళిపోయాడు.

మరునాడు తెల్లారి వెంకటగిరియప్ప షెడ్డులో నిలబడి, ఎటో చూస్తూ, "బానెట్ ఎత్తాల" అన్నాడు. గాలికి చెప్పినట్టు చెప్పాడు, మహారాజు! గాలి వినలేదు గానీ తమ్ముడు విన్నాడు. అలా మొదలై అది రోజువారీ అయిపోయింది. ఈయన "బానెట్ ఎత్తాల" అంటాడు. ఆయన వచ్చి ఎత్తుతాడు, "చాలు" అంటాడు. పండగైనా, మైలైనా, ఒంట్లో బాగున్నా లేకున్నా అంతే. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరి మధ్య రోజుకు మిగిలినవి ఆ రెండు మాటలే.

కడ్డీ పోతే ఇంకో కడ్డీ చేయించుకోలేకపోయాడా అని మీరడగవచ్చు. కలాసిపాళ్యంలో మెకానిక్ ఓబళప్ప ఉన్నాడు. అడిగితే కాఫీ తాగినంత సేపట్లో ఒకటి వంచి ఇచ్చేవాడు. ప్రతి ఆయుధపూజకూ వెంకటగిరియప్ప "ఈసారి కడ్డీ చేయించాల" అనేవాడు. భార్య భాగీరథమ్మ "చేయించండి" అనేది. ఆయన చేయించేవాడు కాదు, ఆమె గుర్తుచేసేది కాదు. ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి మాత్రం ఎత్తేవాళ్ళు కాదు.

వంటింటి కిటికీలోంచి భాగీరథమ్మ రోజూ షెడ్డు వైపే చూస్తుండేది. అయిదారేళ్ళు గడిచాక ఒకనాడు ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. మరిది "చాలు" అనలేదు. "చాలన్నా" అన్నాడు. ఆ పూట ఆమె ఎవరికీ చెప్పకుండా ధర్మరాయస్వామి గుడికి పోయి టెంకాయ కొట్టి వచ్చింది. ఆ తరువాత అప్పుడొకటి, ఇప్పుడొకటి మాటలు పెరిగాయి. "చాలన్నా. బెల్టు వదులైండాది, చూపించుకో." "చాలన్నా. వానొచ్చేట్టుండాది, అద్దాలెత్తుకో." అన్న జవాబు చెప్పేవాడు కాదు గానీ బెల్టు చూపించుకునేవాడు, అద్దాలెత్తుకునేవాడు. ఇంకొక్క ఏడాది పోతే కాఫీకి పిలవచ్చని భాగీరథమ్మ లెక్క. గోడ అవతల తోడికోడలు మునిలక్ష్మి లెక్క కూడా అదే. ఆడవాళ్ళిద్దరూ కొళాయి దగ్గర కలిసినప్పుడు ఈ మాటే గుసగుసగా చెప్పుకునేవాళ్ళు.

చెప్పుడు మాటలు చేటంటారు. ఆ చేటు గంగప్ప క్షౌరం అంగట్లో దాపురించింది.

ఒక ఆదివారం వెంకటగిరియప్ప గడ్డం గీయించుకుంటున్నాడు. గంగప్ప నోరూ కత్తీ రెండూ ఆడిస్తూ అన్నాడు:

"మొన్న మీ తమ్ముడు ఈ కుర్చీలోనే కూర్చునుండాడప్పా. ఏమన్నాడో తెలుసునా? 'నేను పట్టుకోకుంటే మా అన్న బండి గడప దాటదు' అన్నాడు. అందరూ ఒకటే నగు!"

"నగినారా?"

"నగరా మరి? పేటకే పెద్దమనిషి, కారుండే మనిషి. మూత తెరవాలంటే తమ్ముని కాళ్ళు పట్టుకోవాల్నా అని..."

తమ్ముడు ఆ మాట ఏ గొంతుతో అన్నాడో, మొహం ఎలా పెట్టి అన్నాడో వెంకటగిరియప్ప అడగలేదు. అడిగి ఉంటే గంగప్ప చెప్పేవాడే. గంగప్ప అబద్ధాలకోరు కాదు, ఒట్టి వాగుడుకాయ. కానీ ఈయనకు అంత ఓపిక ఎక్కడిది? ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో లేచి, తువ్వాలుతో తుడుచుకుని, నేరుగా కలాసిపాళ్యం నడిచాడు.

ఓబళప్ప కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాడు వెంకటగిరియప్ప.

"నా బండికి బానెట్ కడ్డీ చేసియ్యి. ఇప్పుడే."

ఓబళప్ప బయటికి జరిగి వచ్చి, సగం గడ్డం చూసి నవ్వు ఆపుకున్నాడు.

"కడ్డీనా? యా కాలంలో ఉండావు సామీ! మారుతి కార్లు చూళ్ళేదా, వెనక తలుపు ఎట్ల దానంతటదే లేస్తాదో? గ్యాస్ రాడ్లప్పా, గ్యాస్ రాడ్లు! గొట్టంలో గ్యాస్ బిగించి పెట్టింటారు. మూత కొంచెం ఎత్తితే చాలు, మిగిలింది అదే ఎత్తి పట్టుకుంటాది. పాత సామాన్ల గుజరీలో దెబ్బతిన్న బండిది ఒక జత వచ్చుండాది. నీ మారిస్‌కు బిగిస్తా, బెంగళూరంతా వచ్చి చూడాల!"

"ఎవురూ పట్టుకోనక్కర్లేదా?"

"మనిషే అక్కర్లేదప్పా. వేలు చాలు."

ఆ మాట వెంకటగిరియప్పకు చెవుల్లో అమృతం పోసినట్టుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది. ఆలోచిస్తే ఆయన వెంకటగిరియప్ప ఎలా అవుతాడు!

ఇంటికి వచ్చి చెప్పగానే భాగీరథమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది.

"వద్దండీ. మీకు దండం పెడతా. రోజుకొక మాట పోతాండాది, ఒక మాట వస్తాండాది. దాన్ని కూడా పోగొట్టుకుంటారా?"

"వాడు నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసినాడే!"

"మీరు నలుగురిలో చేసింది మరిచిపోయినారా? వాడు ఆ ఊసెత్తినాడా ఎప్పుడన్నా?"

ఉన్న మాటంటే ఉలుకెక్కువ. "నువ్వు ఊరకుండు" అని కసిరి, ఆయన పూర్తి చేయని గడ్డాన్ని తనే గీసుకోబోయి చెంప కోసుకున్నాడు.

ఓబళప్ప గ్యారేజీలోనే చేస్తానన్నాడు. వెంకటగిరియప్ప ఒప్పుకోలేదు. షెడ్డులోనే, తమ్ముడి షెడ్డులోనే జరగాలి. తమ్ముడు చూడాలి. వెల్డింగ్ మిషన్‌ను తోపుడుబండి మీద వేయించుకుని ఓబళప్ప వచ్చాడు. సందులో జనం పోగయ్యారు. అశ్వత్థప్ప ఆ పూట నూలు కొనటానికి వెళ్ళి ఇంట్లో లేడు. గుమ్మంలో మునిలక్ష్మి మాత్రం నిలబడి, ఏం జరుగుతోందో అర్థమైనాక లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

ముందు చక్రాల మీది రేకు రెక్కల లోపలి వైపు ఒక జత కొక్కీలు, బానెట్ అంచుల కింద ఒక జత కొక్కీలు అతికి, వాటి మధ్య నల్లటి గ్యాస్ రాడ్లు బిగించాడు ఓబళప్ప. బలమంతా పెట్టి మూత మూసి, "చూడండప్పా తమాషా" అని లాచ్ లాగాడు. తమాషా బాగానే అయింది. బానెట్ ఎగిరి వచ్చి ఓబళప్ప గడ్డం కింద కొట్టింది. సందంతా గొల్లుమంది.

"గ్యాస్ జాస్తి ఉండాది!" అన్నాడు దవడ పట్టుకుని. "కొక్కీలు ఇంకా లోపలికి జరపాల. జరపాలంటే పాత కడ్డీ కొక్కి అడ్డమొస్తాండాది. కోసేసేదా?"

"కోసెయ్."

ఓబళప్ప రంపం పెట్టబోయి, వంగి చూశాడు.

"ఇదేందప్పా, నీ కడ్డీ విరిగి పడిపోలేదు. ఎవురో ఊడదీసినారు. పిన్ను తీసి, కడ్డీ తీసుకోని, పిన్ను మళ్ళా దాని చోట దూర్చి, కొస వంచి పెట్టినారు చూడు, ఎంత ఒద్దికగా!"

"ఎవడో దొంగ నా కొడుకు."

"దొంగకు పిన్ను మళ్ళా పెట్టేంత తీరికా?"

"నీకెందుకు? కోసెయ్ అంటి కదా!"

ఓబళప్ప భుజాలెగరేసి కోసేశాడు. ఇనుప ముక్క సిమెంటు మీద టంగుమని పడింది. దాన్ని ఎవరూ తీయలేదు. ఈసారి కొక్కీలు సరిగ్గా కుదిరాయి. వేలితో ఎత్తగానే బానెట్ మెల్లగా, ఏనుగు తొండం ఎత్తినట్టు లేచి నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. వెంకటగిరియప్ప దాన్ని మూసి తెరిచి, మళ్ళీ మూసి తెరిచి చూసుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు.

మరునాడు తెల్లారి షెడ్డులోకి వచ్చాడు. "బానెట్ ఎత్తాల" అనలేదు. దగ్గి, గొంతు సవరించుకుని, డబ్బాను చప్పుడు చేస్తూ కింద పెట్టాడు. ఆ చప్పుడుకు అశ్వత్థప్ప ఎప్పటిలాగే చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. రాత్రి భార్య చెప్పిందో లేదో, వచ్చాడు మాత్రం. అతను దగ్గరికి వచ్చేదాకా ఆగి, వెంకటగిరియప్ప చూపుడువేలుతో మూత ఎత్తాడు. అది లేచి నిలబడింది.

"గ్యాస్ రాడ్లు" అన్నాడు. "ఇంక నా బండి గడప దాటేదానికి ఎవురి కాళ్ళూ పట్టుకునే పని లేదు."

తొమ్మిదేళ్ళలో ఆయన తమ్ముడితో అన్న అతి పొడుగాటి మాట అదే. అశ్వత్థప్ప ఆ నల్ల రాడ్లను చూశాడు. కింద పడి ఉన్న పాత కొక్కి ముక్కను చూశాడు. వంగి దాన్ని తీసి, జేబులో వేసుకున్నాడు. మడిచిన చొక్కా చేతులు ఒక్కొక్కటే దించుకుని, బొత్తాలు పెట్టుకున్నాడు.

"మంచి పని చేసినావన్నా" అన్నాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. లోపలికి వెళ్ళిపోయాడు.

కోపం వచ్చి ఉంటే బాగుండునని వెంకటగిరియప్పకు తరువాత చాలాసార్లు అనిపించింది. ఆ పూట మాత్రం గెలిచాననుకున్నాడు. గెలిచినవాడు నీళ్ళు పోశాడు. ఎక్కడ ఆపాలో తెలియలేదు. పొట్టివాడు కదా, మూతి లోపలికి చూపు ఆనదు. నీళ్ళు పొంగి, ఇంజన్ మీదుగా కారి, చెప్పులు తడిశాయి. మరునాడూ అంతే. ఆ పైనా అంతే. ఎంత జాగ్రత్తగా పోసినా, 'చాలన్నా' అనే మాట వినబడని చేతికి కొలత దొరికేది కాదు. తడిసిన కాళ్ళతో కారెక్కటం అలవాటైపోయింది. భాగీరథమ్మ కిటికీ తలుపు మూసేసుకుంది, పొగ లోపలే సుడి తిరిగినా సరే.

తరువాతి ఉగాది దాటాక అశ్వత్థప్ప తన భాగం అమ్మేశాడు. బటన్‌లు, జిప్పులు అమ్మే ఒక వ్యాపారి కొన్నాడు. చందాపురలో జాగా దొరికిందనీ, అక్కడ పవర్‌లూములు వేసుకుని ముందర నూలంగడి పెడతాడనీ కొళాయి దగ్గర మునిలక్ష్మి ఏడుస్తూ చెప్పింది. సామాను లారీకి ఎక్కించాక అశ్వత్థప్ప వదిన దగ్గరికి వచ్చాడు. షెడ్డు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"షెడ్డు అమ్మలేదు వదినా. అన్నకే వదిలేసినా. నాయన కారు ఎండలో నిలబడకూడదు."

"ఆ మాట ఆయనకే చెప్పి పో, అప్పా. లోపలే ఉండాడు."

"చెప్పేదానికి ఇంకేముంది వదినా?" అని ఆమె కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

లోపల వెంకటగిరియప్ప మగ్గం గుంటలో కూర్చుని, పోగు నేసే నాడెను ఆడించకుండా చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. లేవాలనుకున్నాడు. ఒక్క అడుగు, గడప దాటితే చాలు. లారీ మలుపు తిరిగే చప్పుడు వినిపించేదాకా లేవాలనుకుంటూనే ఉన్నాడు. ఛీ, ఏం మనిషి! ఆ తిట్టు మనం తిట్టక్కర్లేదు, ఆ రాత్రి తనను తానే తిట్టుకున్నాడు.

రెండేళ్ళు పోయాయి. క్షౌరం అంగట్లో ఒకనాడు మాటల్లో మాటగా గంగప్ప అన్నాడు:

"మీ అశ్వత్థప్ప పోయినాక ఈ అంగట్లో కళే లేదప్పా. కూర్చుంటే నీ ముచ్చటే చెప్పేవాడు. 'నేను పట్టుకోకుంటే మా అన్న బండి గడప దాటదు' అనేవాడు, చిన్నపిల్లోడికి బహుమానం వచ్చినట్టు. ఎంత మురిసిపోయేవాడనుకున్నావు! అందుకే గదా అందరూ నగేది."

వెంకటగిరియప్ప అద్దంలో గంగప్పనే చూస్తూ ఉండిపోయాడు. ఈసారి కుర్చీలోంచి లేవలేదు.

ఆ వారమే కారు తీసుకుని చందాపురకు బయలుదేరాడు. నూలు ధర కనుక్కొస్తానని సాకు. "నూలే కనుక్కొస్తారో, ఇంకేమన్నా కనుక్కొస్తారో" అంటూ భాగీరథమ్మ చక్కిలాలు డబ్బాలో పోసి పెట్టింది. దారి పొడుగునా ఆయన చెప్పాల్సిన మాట వల్లె వేసుకున్నాడు. 'తప్పు నాదేరా. షెడ్డు నీదే. ఇంటికి రా.' అంతే, మూడు ముక్కలు. హోసూరు రోడ్డు మీద గాలికి పోయినవి పోగా, చందాపుర చేరేసరికి వాటిలో ఒక్కటి కూడా నోట్లో నిలవలేదు.

అంగడి రోడ్డు పక్కనే ఉంది. వెనక నుంచి పవర్‌లూముల చప్పుడు వస్తోంది. అప్పట్లో సందులోకి విసిరేయించిన చప్పుడే అది. అశ్వత్థప్ప లేచి వచ్చాడు. జుట్టు నెరిసింది. మొహంలో ఆశ్చర్యం మెరిసి, అంతలోనే మర్యాద వచ్చి కూర్చుంది.

"రా అన్నా, రా. కూర్చో."

కుర్చీ తుడిచి వేశారు. మునిలక్ష్మి తలమీదికి కొంగు లాక్కుని, "బాగుండారా బావా? అక్క బాగుందా?" అని అడిగి, కాఫీ స్టీలు గ్లాసులో కాకుండా పింగాణీ కప్పులో తెచ్చి ఇచ్చింది. చుట్టాలకిచ్చే కప్పు. వెంకటగిరియప్ప దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. నూలు ధర అడిగాడు, తమ్ముడు చెప్పాడు. వానల సంగతి అడిగాడు, తమ్ముడు చెప్పాడు. మగ్గాల సంగతి మాత్రం అడగలేకపోయాడు. తొమ్మిదేళ్ళు ఒక్క మాటకు కరువైపోయిన మనిషికి ఇప్పుడిన్ని మాటలు దొరికాయి, ఒక్కటీ పనికొచ్చేది కాదు.

పొద్దు వాలింది. వెంకటగిరియప్ప లేచాడు. తిరుగు ప్రయాణానికి రేడియేటర్ నింపుకోవాలి. మునిలక్ష్మి బిందెతో నీళ్ళు తెచ్చి పెట్టింది. అశ్వత్థప్ప కూడా అంగడి మూయటానికి లేచి, మూలనున్న కడ్డీ ఒకటి తీసి, పైనున్న షట్టర్ కొక్కేనికి తగిలించాడు.

పచ్చ రంగు. అక్కడక్కడా పెచ్చులు లేచింది. కొసన కొంచెం వంకర. ఒకప్పుడు గోపాలప్ప దాన్ని మోకాలికి ఆనించి వంచుతుంటే, ఇద్దరు కొడుకులూ రెండు పక్కలా కూర్చుని చూశారు.

"ఒరే అశ్వత్థా," అన్నాడు వెంకటగిరియప్ప. "అది మన బండిది కదరా?"

"మనదే."

"పోయిందనుకుంటి."

"పోలేదన్నా. భాగాలైన నెలకే నేను ఊడదీసి అటక మీద పెట్టుకున్నా." అశ్వత్థప్ప కడ్డీనే చూస్తూ చెప్పాడు, సిగ్గుపడుతున్నట్టు. "ఇది ఉంటే నన్నెందుకు పిలుస్తావు నువ్వు?"

పవర్‌లూములు ఒకటే చప్పుడు. వెంకటగిరియప్ప ఆ కడ్డీ వైపు చెయ్యి చాచాడు.

"ఇయ్యిరా. తీసకపోతా. ఆ రాడ్లు ఊడబెరికించేస్తా. పాతదే పెట్టిస్తా."

"యాడ పెడతావన్నా? కొక్కి కోసేసినారు గదా." మెత్తగానే అన్నాడు, పిల్లవాడికి నచ్చచెప్పినట్టు. "వద్దులే. ఊరికే పడుండే బదులు ఇక్కడ షట్టర్ లాగేదానికి వస్తాండాది."

అటు తిరిగి షట్టర్ కిందికి లాగటం మొదలుపెట్టాడు. అది తుప్పు పట్టి గరగరమంటూ దిగుతోంది.

వెంకటగిరియప్ప కారు దగ్గరికి నడిచాడు. వేలితో ఎత్తితే బానెట్ లేచి నిలబడింది. రెండు వైపులా రెండు నల్ల రాడ్లు, నమ్మకంగా, ఎవరినీ ఏమీ అడగకుండా పట్టుకున్నాయి. ఆయన చెంబుతో నీళ్ళు పోయసాగాడు. ఒక చెంబు, ఇంకొక చెంబు. చెవులు వెనక్కే ఉన్నాయి. షట్టర్ చప్పుడు ఆగింది. ఇప్పుడు అంటాడు అనుకున్నాడు. ఇంకొక చెంబు పోశాడు. ఇప్పుడు అంటాడు. నీళ్ళు అంచు దాటి ఇంజన్ మీద బుస్సుమన్నాయి, కిందికి కారి కాళ్ళు తడిపాయి. అయినా చెంబు ఆపలేదు.

"నీళ్ళు పొర్లుతాండాయి బావా" అంది మునిలక్ష్మి గుమ్మంలోంచి.

ఆయన చెంబు కింద పెట్టాడు. వెనక్కి తిరిగి చూశాడు. అశ్వత్థప్ప అంగడికి తాళం వేసి, కడ్డీ చంకలో పెట్టుకుని లోపలికి వెళ్తున్నాడు.

గ్యాస్ రాడ్లు ఎత్తేటప్పుడే సాయం, దించేటప్పుడు ఎదురు తిరుగుతాయి. వెంకటగిరియప్ప రెండు చేతులూ ఆనించి, ఒళ్ళంతా బరువేసి, ఒక్కడే బానెట్ మూసుకున్నాడు.